ఏం కాదులే అనని మా మేడం గారు

మేడం గారు పోయారని మంగళవారం పొద్దున్న వాళ్ళ చెల్లెలు గారు ఫోన్ చేశారు. "అక్క వెళ్ళిపోయిందండి మేస్త్రి గారూ" అన్నారు. నేను "ఆఁ" అన్నాను. ఆవిడా ఫోన్ పెట్టలేదు. సముద్రంలో అల్పపీడనం ఉందంటున్నారు. బయట కొబ్బరి మట్ట ఒకటి రేకుల మీద రాసుకుంటూనే ఉంది.

నేను వడ్రంగిని. ద్రాక్షారామం దగ్గర పల్లెలో అయిదో తరగతి దాకా చదివాను. రాయడం అలవాటు లేదు. కానీ మేడం గారి గురించి ఒకటి నేనే చెప్పాలి. అందులో తప్పు నాది.

చాలా ఏళ్ళ కిందట కాకినాడలో ఒక కేబుల్ ఛానెల్లో ఆదివారం పొద్దున్న పిల్లల కార్యక్రమం వచ్చేది. మీలో కొందరు చూసే ఉంటారు. అందులో కనిపించేది ఆవిడే. మామూలు రోజుల్లో కాలేజీలో సైకాలజీ చెప్పేవారు. మనసు బాగోలేని వాళ్ళు వస్తే ఎదురుగా కూర్చుని వినేవారు. సలహా చెప్పేవారు కాదట. "సలహా చెప్పకపోతే ఇంకెందుకండి రావడం?" అని ఒకసారి అడిగాను. "వాళ్ళ మాట వాళ్ళకి వినపడ్డానికండి" అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ కార్యక్రమానికి బల్లలు, బొమ్మలు చేసింది నేను. తాబేలు బొమ్మకి గొంతు ఇవ్వాల్సిన మనిషి మొదటి రోజే రాలేదు. "మీరు చెప్పండి మేస్త్రి గారూ" అన్నారు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి. "పెట్టె వెనక కూర్చుంటారు కదా, ఎవరికీ కనపడరు. తాబేలు కూడా సిగ్గుపడే మనిషే" అన్నారు. అలా కూర్చున్నాను. నాలుగేళ్ళు లేవలేదు.

పిల్లలు వేసిన బొమ్మలు తెచ్చి చూపించేవారు. ఒక పిల్ల కాకికి నీలం రంగు వేసింది. మా బళ్ళో అయితే బెత్తం పడేది. మేడం గారు బాగుందనీ అనలేదు, తప్పనీ అనలేదు. "నీ కాకి నీలంగా ఉంది" అన్నారు. ఆ పిల్ల వెంటనే, "వానలో తడిసిపోయిందండి, చలేస్తంది దానికి" అంది. ఆ పిల్లకే చలేస్తోందని పెట్టె వెనక ఉన్న నాకే తెలిసిపోయింది. మేడం గారు తన పమిట చెంగు తీసి దాని భుజాల మీద కప్పారు.

కెమెరా వైపు చూసి ఒక ప్రశ్న అడిగి ఊరుకునేవారు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్ల జవాబు చెప్పేదాకా అన్నమాట. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకునేవారు, పది అయ్యేదాకా. ఛానెల్ యజమానికి ప్రాణం పోయేది.

"ఏంటండి మేడం గారూ, బొమ్మ ఆగిపోయిందని కనెక్షన్ వాళ్ళు ఫోన్లు చేసేస్తున్నారు!"

"పిల్లలెవరైనా చేశారాండి?"

"పిల్లలెందుకు చేస్తారండి?"

"అయితే సరే."

కెమెరాలోకి చూడ్డానికి భయం వెయ్యదా అని నేనడిగితే, "ఆ అద్దం వెనక ఊరంతా లేదు మేస్త్రి గారూ. ఒక్క పిల్ల ఉంది. కాలేజీలో ఎదురుగా కూర్చున్న మనిషికి చేసేదే ఇక్కడా చేస్తున్నాను" అన్నారు.

ఆవిడ మాకు పెట్టిన నియమం ఒక్కటే. పిల్లలు భయమేస్తోందంటే 'ఏం కాదులే' అనకూడదు. మన వైపు ఆ మాట అననివాళ్ళుంటారా? పిల్ల పడినా, జ్వరమొచ్చినా, ఏటికి వరదొచ్చినా అదే మాట. "ఆ మాటతో పిల్ల నోరు మూతపడుతుందండి. భయం మాత్రం లోపలే ఉంటుంది" అనేవారు.

ఒక ఆదివారం కార్యక్రమం నడుస్తుండగా సముద్రం ఒడ్డునున్న ఉప్పాడ నుంచి ఫోన్ వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. "తాబేలు ఉందాండి?" అంది. ఉన్నానన్నాను.

"మా ఇంటెనకాల గోడ పడిపోయింది. సముద్రం వచ్చేత్తంది. ఇల్లు కూడా పడిపోద్దా తాబేలూ?"

మేడం గారు, "సముద్రం మీ ఇంటిదాకా వచ్చేస్తోందని భయంగా ఉంది" అన్నారు. ఆ పిల్ల ఊఁ అంది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఫోన్లో అలల చప్పుడు వినిపిస్తోంది. మేడం గారు వేళ్ళు నొక్కుకుంటున్నారు. నాలుగు, అయిదు, ఆరు. జీవితమంతా మాట్లాడని మనిషిని, ఆ మౌనం భరించలేకపోయాను.

"ఏం కాదులే అమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

కార్యక్రమం అయ్యాక మేడం గారు తిట్టలేదు. "మీకు అక్కడ కష్టమైపోయింది" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

తర్వాతి ఆదివారం మళ్ళీ అదే పిల్ల. "మా అమ్మ ఇల్లు మారిపోదామంటే నాన్న ఎల్లనన్నాడండి. టీవీలో తాబేలు కూడా ఏం కాదంది కదా అన్నాడు." అప్పటికే వాయుగుండం అని రేడియోలో చెబుతున్నారు. పౌర్ణమి పోట్ల రోజులు. మేడం గారు ఆ పిల్లనడిగి ఇంటి గుర్తులు రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఉప్పాడ బస్సెక్కాం. దారి పొడుగునా ఒకవైపు సముద్రం మట్టి రంగులో ఉంది. నేను సంచీలో ఉలి, సుత్తి పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

ఆ పిల్ల తండ్రి నేతపనివాడు. గుంట మగ్గం, అంటే నేలలో గొయ్యి తీసి బిగించినది. దాని మీద సగం నేసిన చీర ఉంది, మిగతా సగం ఇంకా పడుగు దారాలే. వెనక గోడ ఉండాల్సిన చోట గోనెపట్టా కట్టారు. అల కొట్టినప్పుడల్లా అది లోపలికి ఉబ్బుతోంది.

పిల్ల నన్ను చూసి, "ఈయనెవరండి?" అని అడిగింది.

"తాబేలు నేనేనమ్మా" అన్నాను. "తెలియకుండా అనేశాను."

"నీకు తెలీదా?"

"తెలీదు."

ఆ పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన తల వంచుకుని, "పది రోజులాగితే చీర దిగిపోద్దండి. ఇప్పుడు పడుగు కోసేత్తే చీర చచ్చిపోయినట్టే" అన్నాడు.

"చీర దిగేదాకా కదల్లేనంటున్నారు" అన్నారు మేడం గారు.

"అవునండి."

ఖాళీ చెయ్యమని చెప్పండని నేను సైగ చేశాను. ఆవిడ చెప్పలేదు. ఈలోపు పెద్ద అల ఒకటి వచ్చి పట్టా కింద నుంచి నురగ మగ్గం గుంటలోకి జారింది. మేడం గారు గభాల్న లేచి నిలబడ్డారు.

"నాకు భయంగా ఉందండి" అన్నారు. "ఇక్కడ కూర్చోలేకపోతున్నాను."

సలహా కాదది. నిజంగానే భయపడ్డారు.

ఆ మనిషి ఆవిడ వైపు చూశాడు. "నాకూ భయమేనండి. చెబితే పిల్లలు బెదిరిపోతారని…" అన్నాడు. తనే లేచి కత్తెర తీసుకున్నాడు. పడుగు కోస్తుంటే అతని భార్య మొహం తిప్పుకుంది. నేను మగ్గం కర్రలు ఊడదీశాను. మధ్యాహ్నానికల్లా ఆటోలో సామాను ఎక్కించేశాం.

పక్కింటి వాకిట్లో వల కుట్టుకుంటూ ఒక పెద్దాయన. "ఏంటండి, టీవీ వాళ్ళు బాగున్నోళ్ళింటికే ఎల్తారా? మా ఇంటికి రారేంటి?" అని ఎకసెక్కమాడాడు. మేమూ నవ్వాం. "వస్తామండి, వస్తాం" అన్నాను నేను. ఆటో కదిలిపోయింది.

ఆ సాయంత్రం పోటుకి రెండిళ్ళూ పోయాయి. పెద్దాయన లోపలే ఉన్నాడట.

మేడం గారు నన్ను ఒక్క మాట అనలేదు. కార్యక్రమం ఇంకో రెండేళ్ళు చేశారు. కానీ అప్పట్నుంచి వేళ్ళు నొక్కుకోవడం పది దగ్గర ఆగేది కాదు. కెమెరా వైపు చూస్తూ ఉండిపోయేవారు. యజమాని కూడా అరవడం మానేశాడు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద అంత మనిషి ఇంతయ్యారు. వచ్చినవాళ్ళందరూ ఏం కాదులెండి, లేచి తిరుగుతారంటున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటున్నారు. నేను పక్కన కూర్చున్నాను. అందరూ వెళ్ళాక, "ఆ పక్కింటికి మనం వెళ్ళలేదండి" అన్నారు.

"వెళ్ళలేదండి" అన్నాను.

ఆవిడ తల ఊపారు. అదే ఆఖరు.

బుధవారం దహనం అయ్యాక ఇంటికి రాబుద్ధి కాలేదు. ఉప్పాడ వెళ్ళాను. ఆ రెండిళ్ళ చోటు ఇప్పుడు ఒడ్డుకి చాలా దూరాన, నీళ్ళలో ఉంది. అప్పుడు వెనక వరసలో ఉన్న ఇళ్ళే ఇప్పుడు ముందు వరస. ఒక ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. అల కొట్టినప్పుడు ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. ఒక అల తర్వాత మొదలవలేదు.

ఆ ఇంటి వాకిట్లో నిలబడ్డాను. "ఎవరండీ?" అంది లోపల్నుంచి ఒకావిడ.

ఆ రోజు మేం వెళ్ళని పక్కిల్లు మనసులో మెదిలింది. "కాసేపు కూర్చోవచ్చాండి?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పీట జరిపింది. మగ్గం గుంట పక్కన కూర్చున్నాను. ఏం కాదులే అనలేదు. బయట అల ఇంకా పడలేదు. పడుగు దారాలు మాత్రం అప్పటికే సన్నగా వణుకుతున్నాయి.