పైన ఆల్బమ్, కింద ఉయ్యాల

మొదటి ఉద్యోగం చేసే వయసులో మనిషికి తాను పుట్టిందే లోకాన్ని నిద్ర లేపడానికని ఒక గట్టి నమ్మకం ఉంటుంది. నాకు ఆ నమ్మకం మరీ ముదిరిపోయింది. మాదాపూర్‌లో ఒక కంపెనీలో రాత్రంతా కూర్చుని, ఎక్కడో సముద్రాల అవతల ఉన్న కంప్యూటర్లు కునుకు తీయకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. పొద్దున్నే ఊరంతా ఆఫీసులకు పరుగెడుతుంటే నేను కళ్ళు నులుముకుంటూ క్యాబ్ దిగి, ఇడ్లీ తిని, కొత్తగూడలో గదికి చేరి పడుకునేవాణ్ణి. (తణుకు నుంచి అమ్మ ఫోన్ చేసి "టిఫిన్ చేశావా నాన్నా" అని అడిగేది. అది నాకు రాత్రి భోజనమని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చేశానని ఒప్పేసుకోవడం అలవాటు చేసుకున్నాను.) మధ్యాహ్నం లేవగానే మాత్రం నేను ఉద్యోగిని కాను, గిటారిస్టుని. ఒక ఆల్బమ్ చేసి ఈ నగరాన్ని పట్టి కుదిపేయాలి, ఆ తర్వాత కావలిస్తే రాజీనామా చేయాలి. అంతే పథకం.

నాతోపాటు అదే గదిలో, అదే షిఫ్టులో ఉండేవాణ్ణి మేమంతా ఊఫర్ అని పిలిచేవాళ్ళం. మొదటి జీతంతో అందరూ అమ్మకు చీర కొంటే వీడు తన నడుమెత్తున్న బేసు స్పీకర్ ఒకటి కొన్నాడు. మంచం మాత్రం కొనలేదు, ఆ స్పీకర్ వచ్చిన అట్టపెట్టెను పరిచి పడుకునేవాడు. వాళ్ళది బాలానగర్, నాన్నకు అక్కడ లేత్ మిషన్ల షెడ్డు ఉంది, పుట్టినప్పటి నుంచి ఇనుము చప్పుళ్ళ మధ్య పెరిగాడు కాబట్టి నిశ్శబ్దంలో వాడికి అన్నం సహించదు. (ఇల్లు అంత దగ్గరుండగా కిరాయికెందుకు ఉంటున్నావురా అంటే, పగలు పడుకుంటే వాళ్ళమ్మ జ్వరమనుకుని దవాఖానకు తీసుకుపోతోందని చెప్పాడు.)

వాడి పిచ్చి డ్రమ్ అండ్ బేస్, నా పిచ్చి రాక్. ఈ రెండింటినీ కలిపి ఆల్బమ్ చేద్దామని ఒకరోజు చాయ్ దగ్గర చేతులు కలుపుకున్నాం గానీ, కలపడమంటే ఎంతెంత పాళ్ళలో అన్నది మాత్రం మాట్లాడుకోలేదు. డ్రమ్ అండ్ బేస్ గురించి తెలియనివాళ్ళకు నేను చెప్పే మాట ఒకటే. పైన డ్రమ్స్ షేర్ ఆటోలా దూసుకుపోతుంటాయి, కింద బేసు గేదెలా నింపాదిగా నడుస్తుంటుంది, చిత్రంగా రెండూ ఒకేసారి ఇల్లు చేరతాయి. ఈ బండిలో నా గిటార్ ఎక్కడ కూర్చోవాలన్నదే మా గొడవంతా. బిర్యానీలో ముక్క ఎంతో ఈ ఆల్బమ్‌లో గిటార్ అంత అని నేను వాదించేవాణ్ణి. వాడేమో తాపీగా, "గిటార్ మిర్చీ కా సాలన్ అసుంటిది మామా, పక్కన గిన్నెల ఉండాలె" అనేవాడు. నేను స్నానానికి వెళ్తే వాడు కంప్యూటర్లో నా గిటార్ తగ్గించేవాడు, వాడు పాలప్యాకెట్‌కు వెళ్తే నేను పెంచేవాణ్ణి. అలా ఒక్కో పాట ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో ఆ కంప్యూటర్‌కే తెలియాలి.

ఇంటి సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. ఆ చుట్టుపక్కల ఏ గేటు ముందు నిలబడ్డా మొదటి ప్రశ్న ఫ్యామిలీనా, బ్యాచిలర్సా అనే. రెండోది అన్నామా, గేటు మూసుకుపోతుంది. మా ఓనర్ అంకుల్ ఆ ఊరి మనిషే. భూములు పోగా మిగిలిన జాగాలో మూడంతస్తులు వేసి మొదటి అంతస్తులో తానుండి మిగతావి కిరాయికిచ్చాడు, సరిగ్గా తన పైది మాకు. మాకు ఇవ్వడానికి ఆయన చెప్పుకున్న సమర్థింపు ఏమిటంటే, రాత్రంతా ఇంట్లో ఉండరు, పగలంతా పడుకుని ఉంటారు, ఇంతకన్నా మంచి కిరాయిదార్లు ఎక్కడ దొరుకుతారని. షరతు ఒక్కటే, చప్పుడు వినపడొద్దు. బిడ్డ పురిటికి వచ్చి ఉంది, ఇంట్లో పసిపిల్లాడున్నాడు. మేం ఆ షరతును నిష్ఠగా పాటించాం. నా గిటార్ వైరును నేరుగా కంప్యూటర్‌కు తగిలించి హెడ్‌ఫోన్లలో వాయించుకునేవాణ్ణి. ఊఫర్ తన బేసును మాత్రం స్పీకర్లో, అదీ చాలా చిన్నగా పెట్టి వినేవాడు. హెడ్‌ఫోన్లలో బేసు వినడం ఫోటోలో జిలేబీ తినడంలాంటిదట. పాట గోడ దగ్గర ఆగిపోతుందనీ, బేసు ఆగదనీ, అది మా గచ్చులోకి దిగి కింది ఇంటికి కప్పులోంచి గుర్రుమంటూ చేరుతుందనీ మాకు తట్టనే లేదు.

అది నడివేసవి. కొత్తగూడలో ఒక్కో బోరూ ఎండిపోతోంది, వీధుల్లో నీళ్ళ ట్యాంకర్లు తిరుగుతున్నాయి. అలాంటి రోజుల్లో ప్రతి మధ్యాహ్నం ఇల్లంతా గుర్రుమని మూలుగుతుంటే ఓనర్ అంకుల్ ఏమనుకోవాలి? బోరు మోటారు చచ్చిపోతోందనుకున్నాడు. పాపం, నిద్రాహారాలు మానేశాడు. మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా మాతో మోటారు గురించే పరేషాన్. చప్పుడు ఒకసారి లయగా వస్తుందనీ, ఉన్నట్టుండి ఆగి మళ్ళీ మొదటి నుంచి వస్తుందనీ, ఇలాంటి రోగం ఏ మోటారుకూ చూడలేదనీ చెప్పేవాడు. మేం సానుభూతిగా తలలూపేవాళ్ళం. పెద్దాయనకు కష్టం వచ్చిందే అని ఊఫర్ బాలానగర్ నుంచి తనకు తెలిసిన మెకానిక్‌ను కూడా పిలిపించాడు.

ఆ మెకానిక్ ముక్కాలి గడ నిలబెట్టి, గొలుసు వేసి, పైపు మీద పైపు పైకి లాగుతుంటే మేమిద్దరం కూడా చేయి వేశాం. మధ్యాహ్నానికి మోటారు బయటపడింది. గోనెసంచి మీద పడుకోబెట్టి విప్పి చూస్తే అది శుభ్రంగా ఉంది. దానికి ఏ రోగమూ లేదని తేల్చి మెకానిక్ భోజనానికి వెళ్ళాడు. మేం ఒళ్ళంతా గ్రీజుతో పైకి వచ్చాం. కడుక్కుందామంటే నీళ్ళు లేవు (మోటారు బయట ఉంది మరి). ఖాళీగా కూర్చోవడమెందుకని ఊఫర్ మూడో పాట బేసు పెట్టాడు.

కింద ఓనర్ అంకుల్ మోటారు పక్కనే నిలబడి ఉన్నాడు. తన కాళ్ళ దగ్గర గోనె మీద ఎండలో పడివున్న మోటారే మళ్ళీ ఇంట్లోంచి గుర్రుమని చప్పుడు చేస్తోంది. ఆయన కాసేపు దాన్నే చూశాడట. తర్వాత వంగి చేత్తో కూడా ముట్టుకున్నాడట. ఆ తర్వాత మెట్లెక్కి మా తలుపు తట్టాడు. ఆయన కోపంగా ఉంటే బాగుండేది, చాలా నెమ్మదిగా అడిగాడు.

"మోటారేమో గాడ పడున్నది. సప్పుడేమో మీ ఇంట్లకెళ్లి వస్తున్నది. ఏం కత బాబు ఇది?"

మా మొహాల మీద గ్రీజు, మధ్యలో స్పీకరు. ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయమన్నాడు. ఇల్లు పోతే పోయింది, ఆల్బమ్ కూడా పోతుందని నా ప్రాణం ఉసూరుమంది. బ్యాచిలర్లకే దొరకని ఊళ్ళో, నడుమెత్తు స్పీకరున్న బ్యాచిలర్లకు ఇల్లెవరిస్తారు? స్పీకర్ తీగలు పీకేసి, నిద్ర మానుకుని, ఎండలో గేటు గేటుకూ తిరిగాం. ఊఫర్ నన్ను ముందు నిలబెట్టేవాడు, నా "అండీ"లకు ఎవరైనా కరుగుతారని. ఒక్కరూ కరగలేదు.

అలా మా గది మూగబోయిన కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చూస్తే ఓనర్ ఆంటీ, జుట్టు రేగి, కళ్ళు గుంటలు పడి ఉంది. తాళంచెవికే వచ్చిందనుకున్నాను. ఆవిడ నన్ను దాటి గదిలోకి వచ్చి స్పీకర్‌ను ఎగాదిగా చూసింది.

"మీరు బంద్ జేసినకాంచి పిల్లగాడు పండుతలేడు బిడ్డా. జర ఆ డబ్బా పెట్టుండ్రి" అంది.

తర్వాత ఆవిడ చెప్పగా తేలిందేమిటంటే, పిల్లాడి ఉయ్యాల వాళ్ళ గది కప్పుకు ఉన్న కొక్కేనికి కట్టారు. వాళ్ళ కప్పు అంటే మా గచ్చు. ఆ కొక్కేనికి సరిగ్గా పైన ఉంది మా స్పీకరు. మూడు పూటలా ఏడ్చే పిల్లాడు మధ్యాహ్నం మాత్రం ఉయ్యాలలో వేయగానే రాయిలా నిద్రపోతుంటే, అది తమ ఇంటి గాలి మహిమ అనుకున్నారట. గాలి కాదు, గేదె. ఊఫర్ తీగలు కలిపి మూడో పాట పెట్టాడు. కింద ఏడుపు మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. ఆవిడ మా గచ్చు మీదే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ సాయంత్రం ఓనర్ అంకుల్ మెట్ల దగ్గర కనిపించి, ఖాళీ చేయమన్న మాట తానెప్పుడూ అననట్టే, నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా అని అడిగాడు.

రొట్టె విరిగి నేతిలో పడిందని నేను గంతులేశాను. చప్పుడు చేయొద్దన్న ఓనరే చప్పుడు చేయమంటుంటే ఇంకేం కావాలి? మర్నాడే హెడ్‌ఫోన్లు మూల పడేసి, గిటార్‌ను పెద్ద ఆంప్లిఫయర్‌కు తగిలించి, కిటికీ తెరిచి, నా జీవితంలోకెల్లా గొప్ప సోలో మొదలుపెట్టాను. అది సగంలో ఉండగానే కింద పిల్లాడు నాకన్నా పై స్థాయిలో అందుకున్నాడు. ఆంటీ గరిటె చేత్తో పట్టుకునే పైకి వచ్చింది. గుర్రుమనేది ఎంతసేపైనా పెట్టుకోవచ్చనీ, ఆ గీకుడు మాత్రం కుదరదనీ తీర్పు చెప్పింది. నాలుగేళ్ళు వేళ్ళు కాయలు కాసేలా సాధన చేసిన విద్యకు ఆవిడ పెట్టిన పేరు గీకుడు. ఊఫర్ గోడ వైపు తిరిగి భుజాలు కుదుపుతూ నవ్వాడు.

అప్పటి నుంచి మా ఆల్బమ్‌లో గిటార్ ఎంత ఉండాలో తేల్చింది నేనూ కాదు, ఊఫరూ కాదు, కిందింటి పిల్లాడు. పాళ్ళు చూసుకోవాలంటే స్పీకర్లో వినాలి కదా. నా గిటార్‌ను వెంట్రుకవాసి పెంచుతాం, కింద ఉలిక్కిపడ్డ ఏడుపు వినిపిస్తుంది, మళ్ళీ తగ్గిస్తాం. ఏ పాటనైనా పిల్లాడు చివరిదాకా లేవకుండా పడుకుంటేనే అది పూర్తయినట్టు. ఊఫర్ ఈ ఏర్పాటును సిగ్గులేకుండా వాడుకున్నాడు. పిల్లాణ్ణి టీకాకు తీసుకెళ్ళిన రోజు కూడా, "పిల్లగాడు లేస్తడు మామా" అంటూ నా గిటార్ తగ్గించాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నగరాన్ని లేపుదామని బయల్దేరిన వాణ్ణి, ఒక్క పిల్లాణ్ణి లేపకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి, ఆ పాటలు రోజురోజుకూ బాగుపడుతున్నాయి. గిటార్ అడపాదడపా వచ్చి పలకరించి పోతుంటే, వచ్చినప్పుడు దానికి ఒక మర్యాద దక్కేది. ఆ మాట అప్పుడు ఊఫర్‌తో అంటే ఒట్టు.

ఆఖరి పాట పూర్తయ్యే వేళకు ఓనరు గారి అమ్మాయిని అత్తారింటికి పంపే రోజు వచ్చింది. మేం ఆవిణ్ణి అక్కా అనేవాళ్ళం. పాటలన్నీ ఫోన్లో ఎక్కించి ఇమ్మని అడిగితే సంతోషంగా ఇచ్చాం. పెట్టి చూస్తే పిల్లాడు గుక్కపెట్టి ఏడ్చాడు. ఫోన్ స్పీకర్లో బేసు ఎక్కడుంటుంది, వినిపించింది నా గీకుడొక్కటే. అక్క మొహం చిన్నబోయింది. వాకిట్లో కారు నిలబడి ఉంది, డిక్కీలో సకినాల డబ్బాలు, చీరలు, కొత్త ఉయ్యాల సర్దుతున్నారు. ఊఫర్ పైకి వెళ్ళాడు. వాడి స్పీకర్ మీద నేను కాఫీ గ్లాసు పెడితేనే పదిరోజులు మాట్లాడడం మానేసిన మనిషి, దాన్ని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగి వచ్చాడు.

"తీస్కపో అక్కా. పిల్లగాడు పండాలె గదా" అన్నాడు.

ఓనర్ అంకుల్ వద్దు వద్దంటూనే దానికి డిక్కీలో జాగా చేశాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా ఊఫర్ గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆ స్పీకర్ మళ్ళీ రాలేదు, వాడు అడగనూ లేదు. ఆల్బమ్‌ను నెట్లో పెట్టాం, అట్ట మీద బొమ్మ గోనెసంచి మీద పడుకున్న బోరు మోటారు. మా ఆఫీసు స్నేహితులు విన్నారు, వాళ్ళ స్నేహితులు కొందరు విన్నారు, నగరం కుదుపులేమీ లేకుండా క్షేమంగా ఉంది. నేను రాజీనామా చేయలేదు. ఊఫర్ ఇప్పుడు ఇంకో కంపెనీలో మేనేజరు, మంచం మీదే పడుకుంటున్నాడు.

నాకు పెళ్ళి ఆలస్యం, పిల్ల ఇంకా ఆలస్యం. మా పాపకు ఇప్పుడు ఐదో నెల, నిద్ర అనే పదార్థంతో దానికి పరిచయమే లేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ ఊపి ఊపి చేతులు పడిపోయి కూర్చుంటే, దీనికి నా దగ్గర మందుందని గొప్పగా చెప్పి హాల్లో ఉన్న పెద్ద స్పీకర్లో మా ఆల్బమ్ పెట్టాను. బేసు నడవగానే పాప రెప్పలు బరువెక్కాయి. మా ఆవిడ పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను గౌరవంగా చూసింది. సరిగ్గా అప్పుడు నా గిటార్ వచ్చింది. పాప టక్కున కళ్ళు విప్పి, కాళ్ళు తపతపా కొడుతూ, నోరంతా తెరిచి నవ్వింది. గిటార్ ఆగితే ఆగింది, వస్తే మళ్ళీ ఎగిరింది. అప్పట్లో నేను ఎవరి కోసం వాయించానో ఆ శ్రోత ఇన్నాళ్ళకు మా ఇంట్లోనే పుట్టింది. నాకు కళ్ళనీళ్ళొచ్చినంత పనైంది. మా ఆవిడకు కూడా వచ్చాయి, ఆవిడవి వేరే రకం.

ఊఫర్‌కు ఫోన్ చేశాను. గిటార్ తీసేసి ఒట్టి డ్రమ్సూ బేసూ ఉన్నది నీ దగ్గరేమైనా ఉందేమో చూడరా అన్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను.

"ఉంది మామా. అప్పుడే చేసి పెట్టుకున్న. నువ్వు ఇంటే బాధపడతవని చెప్పలే" అన్నాడు.

వాడు వెంటనే పంపాడు. పెట్టాను. మూడో పాటకు పాప నిద్రపోయింది, దాని పక్కనే వాళ్ళమ్మా నిద్రపోయింది. నేను ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుని ఆల్బమ్ మొత్తం విన్నాను. నా గిటార్ రావాల్సిన ప్రతిచోటా నా వేళ్ళు మోకాలి మీద వాటంతటవే కదిలాయి, ఎవరూ లేవకుండా, ఒక్క స్వరం కూడా తప్పకుండా.