పిస్తోలు పిడికి దోసెల పిండి

పిస్తోలు పట్టిన చేతికి చెమట పడితే గుండు ఎటు పోతుందో దేవుడు కూడా చెప్పలేడు. నాకు పట్టేది మామూలు చెమట కాదు. పదో గుండు పేల్చేసరికి పిడి అరచేతిలో సబ్బుబిళ్ళలా తిరిగిపోతుంది. మలేషియాలో, మా సుంగై పెటాని ఊళ్ళో షూటింగు క్లబ్బు హాలుకి ఏసీ ఉంది, కానీ అది చల్లదనం కన్నా చప్పుడే ఎక్కువ ఇస్తుంది. కమిటీకి నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగోదానికి జవాబుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టారు, అదీ ప్రెసిడెంటు కుర్చీ వైపు తిప్పి.

ఈ ఆటలోకి నన్ను దింపింది మా ఆయనే. యాభై దాటిన ఆడమనిషికి గాలి పిస్తోలు ఏమిటని బంధువులు అడిగితే ఆయన చెప్పే కారణం ఇది: "గురి చూసేటప్పుడు ఊపిరి బిగబట్టి నోరు మూసుకోవాలి కదా. వారానికి రెండు గంటలు అందరికీ విశ్రాంతి." నన్ను పక్కన కూర్చోబెట్టుకునే అంటాడు.

ప్రతి ఏడూ మా క్లబ్బు నుంచి పెద్ద వయసు ఆడవాళ్ళలో ముగ్గురిని ఎంచి అలోర్ సెతార్ పోటీకి పంపుతారు. రెండేళ్ళుగా నాది నాలుగో స్థానం. మూడోది తమిళ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఒక టీచరమ్మది. ఆవిడకి చెమటన్నది పట్టదు. ఆవిడ చెయ్యి ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సొరకాయలా ఉంటుంది, పొడిగా, చల్లగా. ఈసారి వెళ్ళేది నేనేనని ఆఫీసులో చెప్పాను, ఒక పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను, కూరల కొట్టు ముందు చెప్పాను. ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను. ఇక వెళ్ళకపోతే నేను కూరల కొట్టు మార్చుకోవాలి.

నా ఉద్యోగం రబ్బరు చేతితొడుగుల ఫ్యాక్టరీలో, నాణ్యత చూసే విభాగంలో. తొడుగు వేళ్ళ కొసల మీద సన్నటి గరుకు ఉంటుంది, డాక్టరు చేతిలోంచి కత్తి జారకుండా. ఆ గరుకు సరిగా లేదని నేను ఎన్ని పెట్టెలు వెనక్కి పంపించానో, ఎంతమంది మేనేజర్లకి నా మీద కడుపుమంటో చెప్పనక్కర్లేదు. అలాంటిదాన్ని, చెక్క పిడికి గరుకు పెట్టుకోవడం నాకొక లెక్కా అనుకున్నాను.

పిస్తోలు ఇంటికి తేవడం కుదరదు. అది క్లబ్బు ఇనప అలమరలోనే ఉండాలి, రెండు తాళాల వెనక. కానీ పిడి ఒక్క మర విప్పితే ఊడివస్తుంది, పైగా అది నా చేతికి సరిపడేలా నేను కొనుక్కున్నది. సెక్రటరీ దగ్గర సంతకం పెట్టి ఇంటికి తెచ్చాను. మేకు మొన అరగదీసి, చిన్న సుత్తి పట్టుకుని, వెనక వరండాలో కూర్చుని చుక్కలు పొడవడం మొదలెట్టాను.

మా అత్త వచ్చి నిలబడింది. ఎనభై నిండిన మనిషి. చిన్నప్పుడు రబ్బరు తోటలో పాలు గీసింది. అంతకన్నా ఆ తోట కూలీల లైన్ల ఇళ్ళలో ఆవిడకి పేరు తెచ్చింది రోళ్ళు. అందరి రుబ్బురోళ్ళూ నున్నబడితే ఉలితో గాట్లు పెట్టేది ఆవిడే.

"ఏటే అది, మేక కాలా?"

"పిస్తోలు పిడి, అత్తా."

"పిస్తోలేదీ?"

"క్లబ్బులో ఉంది."

"మరి పిడి ఇక్కడేటి సేస్తంది?"

చెమట సంగతీ, జారడం సంగతీ చెప్పాను. పిడి చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది చూసింది.

"దీన్ని గరుకంటారా? కోడి తొక్కినట్టున్నాది. గాట్లు వాలుగా పడాల. నీ సుక్కల్లో సెమట నిలబడిపోద్ది, దోమలు గుడ్లెడతాయి."

"అత్తా, అది రోలు. ఇది చెక్క."

"పట్టుకునేది సెయ్యే గదా."

చెక్కకీ రాయికీ తేడా ఏమిటో, గరుకు ఎంత లోతు ఉండాలో, ఫ్యాక్టరీలో దాన్ని ఎలా కొలుస్తామో విడమరిచి చెబుతున్నాను. మధ్యలో ఫోను మోగితే లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మేకు ఆవిడ చేతిలో ఉంది, పిడి ఆవిడ మోకాళ్ళ మధ్య ఉంది. టక్, టక్, టక్. వరస వెంట వరస, అన్నీ ఒకే వాలు, ఒకే లోతు. ఒప్పుకోవడానికి మనసు రాదు గానీ, మా ఫ్యాక్టరీలో ఏ యంత్రమూ అంత శుభ్రంగా చెయ్యదు.

"ఎలగున్నాది?"

"ఫరవాలేదు."

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే పిడి పూజగదిలో ఉంది, పచ్చగా, నడుమ కుంకుమ బొట్టుతో. కొత్తగా గాట్లు పెట్టిన రోలుని ఊరికే వాడకంలోకి తేరు. ముందు గుప్పెడు నానిన బియ్యమూ మినప్పప్పూ వేసి రుబ్బుతారు. ఆ పిండితో రాతిపొడి అంతా వచ్చేస్తుంది. దాన్ని పారబోసి, రోలు కడిగి, పసుపు రాసి బొట్టు పెడతారు. మా అత్త పిడికీ అదే మర్యాద చేసింది. దోసెల పిండి గాట్లలోకి వేలితో బాగా పట్టించి, పైన గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, ఆపైన పసుపు. కడగడం మాత్రం మానేసింది, చెక్క తడిస్తే పాడవుతుందని.

"అత్తా, మనం దీంతో పిండి రుబ్బుతామా?"

"నువ్వు దాంతో ఏటి సేసుకుంటావో నాకేటి తెలుసు. సెక్కపొట్టు పోవాలా వద్దా?"

మా ఆయన పేపరు వెనక నుంచి, "వదిలెయ్ లా, తుడిస్తే పోతుంది," అన్నాడు. మాట చివర ఆ 'లా' తగిలించడం ఈ దేశంలో అందరికీ అలవాటే. తుడవడానికి టైము లేదు, ప్రాక్టీసుకి ఆలస్యమైంది. అలాగే పట్టుకెళ్ళి బిగించాను.

పదో గుండు దాటింది. ఇరవయ్యోది దాటింది. పిడి కదల్లేదు. చెమట పట్టిన కొద్దీ ఇంకా గట్టిగా అతుక్కుంది. ముప్ఫయ్యో గుండు తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే ఒలుచుకోవాల్సి వచ్చింది. గంజి పెట్టిన చీర తడిస్తే ఏమవుతుందో నాకు తెలీదా? తెలుసు. పిడికి జిగటగా ఏదీ పుయ్యకూడదన్న నియమమూ తెలుసు. ఇతరుల తొడుగుల్లో తప్పులు వెతికి జీతం తీసుకునే మనిషిని, నా పిడి విషయంలో గుడ్డిదాన్నయిపోయాను. అంత బాగా నేనెప్పుడూ పేల్చలేదు మరి.

ఆదివారం మా క్లబ్బులో ఆ ముగ్గురిని ఎంచే పోటీ. హాలు గుమ్మంలోనే బల్ల వేసుకుని సామాను చూసే అధికారి కూర్చున్నాడు, పెద్ద మీసాల మలయ్ ఆయన. నా పిడి చూశాడు. వాసన చూశాడు.

"కాక్, ఇది తోసై కదా?" అన్నాడు. కాక్ అంటే వాళ్ళ భాషలో అక్క, తోసై అంటే మన దోసె.

"చెక్కకి పట్టించిన మెరుగు," అన్నాను.

ఆయన బొటనవేలు నాలికతో తడిపి పిడి మీద నొక్కి పైకెత్తాడు. పిస్తోలు కూడా వేలితోపాటు బల్ల మీంచి అంగుళం లేచింది.

"తక్ బోలే లా, కాక్. కుదరదు."

"పొడిగా ఉన్నప్పుడు జిగట లేదు. మీరు తడిపారు కాబట్టి వచ్చింది. అంటే జిగట మీ ఉమ్మిది."

"మీ చేతికి చెమట పట్టదా?"

"అది నా సొంత చెమట. దానికి నియమం ఏమీ లేదు."

"పిండి?"

"నేను పుయ్యలేదు. మా అత్తగారు పూశారు, నేను ఇంట్లో లేనప్పుడు."

ఆయన ఆడేవాళ్ళ జాబితా తీసి శ్రద్ధగా చివరిదాకా చూశాడు. "మీ అత్తగారి పేరు ఇందులో లేదు, కాక్. ఇరవై నిమిషాలు టైముంది. కడిగితే ఆడండి, లేకపోతే ఇంటికెళ్ళి తోసై తినండి."

పిడి విప్పుకుని ఆడవాళ్ళ బాత్రూములో సింకు దగ్గర నిలబడ్డాను. పైపైన పసుపు పోయింది గానీ గాట్లలో పిండి సిమెంటులా కూర్చుంది. గోళ్ళతో గీకుతుంటే టీచరమ్మ లోపలికి వచ్చింది. కాసేపు చూసి, చీర కుచ్చిళ్ళ దగ్గరి పిన్నీసు తీసింది.

"ఇటివ్వు సగం," అంది తమిళంలో.

"మీకెందుకండీ శ్రమ?"

"నువ్వు ఓడిపోతే ఏడాది పొడుగునా పిండి గురించే చెబుతావు. నేను వినలేను."

ఆవిడ పైనుంచి, నేను కింది నుంచి, వరస వరసా తవ్వుకుంటూ వచ్చాం. అన్ని ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి, ఒక్క గాటు వదల్లేదు. మధ్యలో, "ఇంత చక్కగా ఎవరు కొట్టారు ఇవి?" అని అడిగింది. అత్త అని చెప్పాను. "ఆవిడని జట్టులోకి తీసుకుంటే సరిపోయేది," అంది.

ఈసారి అధికారి వేలు జారిపోయింది. స్టిక్కరు అతికించి లోపలికి పంపాడు.

తడి చెక్క ముక్కిన వాసన వేస్తోంది. మొదటి గుండుకే చెమట. పదోది వచ్చింది, పిడి తిరుగుతుందని కాచుకున్నాను. తిరగలేదు. చెమట ఆ వాలు గాట్ల వెంట జారి మణికట్టు మీదికి, అక్కణ్ణుంచి చొక్కా చేతిలోకి పోయింది. అంటుకోవడం లేదు, అలాగని కదలడమూ లేదు. చివరి గుండు దాకా నోరు మూసుకునే ఉన్నాను. మా ఆయన చూసి ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

బోర్డు మీద నాది మూడో స్థానం, ఒక్క పాయింటు తేడాతో. టీచరమ్మ నాలుగు. నా దగ్గరికొచ్చి చల్లటి చేత్తో కరచాలనం చేసి, వెంటనే చెయ్యి చీరకి తుడుచుకుంది.

ఇంటికెళ్ళేసరికి అత్త వరండాలోనే ఉంది.

"ఎన్నోది?"

"మూడు. అలోర్ సెతార్ వెళ్తున్నాను."

"మూడేటి? నాను అంత కష్టపడితే. పిండి అలగే ఉంచినావా?"

"కడిగించారు, అత్తా."

"అదీ సంగతి."

సాయంత్రంలోపల బాగన్ దాతుక్‌లోని ఆడపడుచు నుంచి కువాలా సెలంగోర్‌లోని చిన్నత్త దాకా అందరికీ ఫోన్లు వెళ్ళాయి: కోడలు ఫస్టు రావలసింది, కడిగేసుకుంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. పిండి వల్ల కాదనీ, గాట్ల వల్లేననీ, ఆ గాట్లు కొట్టింది ఆవిడేననీ, జిగట పుయ్యడం తప్పనీ, నియమం ఉన్నదే అందరికీ ఒకే న్యాయం జరగడానికనీ అరగంట వాదించాను. ఆవిడ ఒక్క మాట అడ్డు చెప్పకుండా అంతా విన్నది.

విని, "మరి అలోర్ సెతార్‌లో కూడా పిడి సూస్తారేటి?" అని అడిగింది.