చప్పుడు లేని బండికి గంట

మా అమ్మాయి పోయి నెల దాటింది. జ్వరమని ఆసుపత్రిలో చేరింది, ఐదో రోజుకి లేదు. ఆ సంగతి ఇంతకన్నా పొడుగ్గా రాయడం నా వల్ల కాదు. అందర్నీ నవ్వించిన పిల్ల. ఏడుస్తూ రాస్తే దానికి నచ్చదు కూడా.

బెంజ్ సర్కిల్ దగ్గర కరెంటు కార్ల షోరూమ్‌లో అది కార్లు అమ్మేది. ఫోనుకి పెట్టినట్టే ఆ కారుకీ ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవాలి, పెట్రోలు అక్కర్లేదు. గుణదలలో మా ఇంటినుంచి మధ్యాహ్నం నేనే క్యారేజీ తీసుకెళ్లేదాన్ని. ఒకరోజు వెళ్లేసరికి కొత్త బండికి పూజ జరుగుతోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొన్నతను లోపల కూర్చున్నాడు. వాళ్ల నాన్న బయట నిలబడి, "ఇంకా స్టార్ట్ చెయ్యవేంట్రా?" అంటుండగానే నిమ్మకాయలు టప్పుమన్నాయి. హారతి పళ్లెంతో పంతులుగారు పక్కకి ఒక్క గెంతు గెంతారు. బండి ఎప్పుడు కదిలిందో ఎవరికీ తెలియలేదు!

"శుభమా అని బండి తీస్తూ చిన్న చప్పుడైనా లేకపోతే ఎట్టాగమ్మా?" అని పెద్దాయన నొచ్చుకున్నాడు.

మా పిల్ల పళ్లెంలో గంట తీసి నా చేతిలో పెట్టింది. "వెనక్కి తీయించి మళ్లీ కదిలిస్తానండీ. అమ్మా, నువ్వు కొట్టు!"

కొట్టాను. పెద్దాయన మొహం వెలిగిపోయింది. అప్పటినుంచి ఎవరికైనా బండి ఇచ్చే రోజున నాకు ఫోను వచ్చేది. "అమ్మా, కూర ఏదైనా ఫర్లేదు, గంట మాత్రం మర్చిపోకు." మా దేవుడి దగ్గరి ఇత్తడి గంట నా సంచిలోనే ఉండేది.

రోడ్డుకి అవతల ఇంకో కంపెనీ షోరూమ్. వాళ్లవి హైబ్రిడ్ కార్లు, పెట్రోలూ బ్యాటరీ రెండూ ఉంటాయి. అక్కడ అమ్మే అతను మా అమ్మాయికన్నా రెండేళ్లు చిన్న. ఇద్దరికీ రోజూ పోటీయే. వీళ్లు బెలూన్లు కడితే వాళ్లు పూలదండలు కట్టేవాళ్లు. వీళ్లు మజ్జిగిస్తే వాళ్లు బాదంపాలు. క్యారేజీ తెరిచేసరికి మాత్రం అతను మా బల్ల దగ్గరే ఉండేవాడు.

"అక్కా, మీ బండికి గంట కావాలి. మా బండికి గొంతుంది," అనేవాడు దోసావకాయ కలుపుకుంటూ.

"నీ బండి పెట్రోలా కరెంటా తేల్చుకోలేని పెళ్లికొడుకులే. ముందు అన్నం తిను."

పామర్రులో ఎరువుల కొట్టున్న ఒక మామ్మగారు కారు కోసం వచ్చారు. ఆ నెల రెండు షోరూముల్లోనూ బళ్లు సమానంగా అమ్ముడయ్యాయి. ఈ ఒక్క బండితో గెలుపెవరిదో తేలిపోతుంది. మా అమ్మాయి వాళ్ల ఇంటి సంగతులన్నీ అడిగి, "మామ్మగారూ, మీరుండేది అద్దె వాటా, ఛార్జింగ్ పెట్టుకునే చోటు లేదు. రోజూ తిరగడం కూడా ఎక్కువే. మీకు మా బండి వద్దండీ, ఎదురు షోరూమ్‌కెళ్లండి," అని తనే రోడ్డు దాటించింది.

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. ఇంటికొచ్చాక నేనూ ఊరుకోలేదు. "చేతికొచ్చింది వాళ్లకిచ్చొస్తావా?"

"అమ్మా, నేను అమ్మేది ఒక్కరోజు. ఆవిడ తిట్టుకుంటూ నడిపేది పదేళ్లు," అంది, నా కొంగుకి చేతులు తుడుచుకుంటూ.

మామ్మగారు ఎదురు షోరూమ్‌లో బుక్ చేశారు. ఆ బండి రావడానికి నెలలు పడుతుందన్నారు. ఈలోపే మా పిల్ల వెళ్లిపోయింది. గంటని పాతచీర ముక్కలో చుట్టి పెట్టె అడుగున పెట్టేశాను. ఇంక దాన్ని ముట్టుకోకూడదనుకున్నాను.

పోయిన వారం ఎదురు షోరూమ్ అతను ఇంటికొచ్చాడు. "ఆంటీ, రేపు మామ్మగారి బండి. గంట కొట్టాలి మీరు."

"మీ బండికి గొంతుందిగా నాయనా?"

అతను తల దించుకున్నాడు. "అదీ మొదట బ్యాటరీ మీదే కదుల్తుంది ఆంటీ. చప్పుడుండదు. అక్కకి ఈ సంగతి ముందే తెలుసు. నా పరువు పోతుందని ఎక్కడా అన్లేదు."

నాకు నవ్వొచ్చింది. నెలరోజుల్లో అదే మొదటిసారి. అయినా, "పిల్లని పోగొట్టుకున్నదాన్ని, శుభానికి నేనెందుకు?" అన్నాను. అతను ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

"ఏమ్మా," అన్నారు మామ్మగారు, "నిజం చెప్పి నన్ను రోడ్డు దాటించిన పిల్లకి తల్లివి. నువ్వు కొట్టందే నేను బండెక్కను."

మర్నాడు గంటని చింతపండుతో తోమి తీసుకెళ్లాను. మా అమ్మాయి షోరూమ్ వాళ్లంతా రోడ్డు దాటి వచ్చారు, మేనేజరుతో సహా. నిమ్మకాయలు చితికాయి. బండి పిల్లిలా కదిలింది. నేను గంట కొట్టాను. బండి సర్కిల్ దగ్గర మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నా చెయ్యి మాత్రం ఆగలేదు. పక్కనే ఎవరో, "ఇంకా గట్టిగా కొట్టమ్మా," అంటున్నట్టే ఉంది.