అండీ లేని మాట

ఎవరికి చెప్పాలో ఆ మనిషికి చెప్పలేక మీకు చెబుతున్నాను. ఇన్నేళ్లుగా ఇది గొంతులో చేపముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు.

అప్పట్లో ఏలూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గర సహాయకురాలిగా ఉండేదాన్ని. ఎవరూ పిలవకుండానే గొంతులు వినబడేవాళ్లను వారానికోసారి గుండ్రంగా కూర్చోబెట్టి, ఊపిరిని గమనించడం, తమ మీద తాము దయ చూపుకోవడం నేర్పేవాళ్లం. గొంతు వస్తే పోట్లాడొద్దు, జవాబివ్వొద్దు, వచ్చిందనుకుని మళ్లీ ఊపిరి దగ్గరికి రండి అనేవాళ్లం. తివాచీలు నేసే మీరాబీ (అసలు పేరు కాదు) అందరికంటే బాగా నేర్చుకుంది. ఆమెకు వినబడే గొంతులన్నీ ‘ఒసేయ్’ అనే పిలిచేవట. మేమంతా ‘అండీ’ అంటాం. ఏది లోపలిదో, ఏది బయటిదో దాన్నిబట్టే పోల్చుకునేది. ఒక రోజు, మాత్రలకు చేతులు వణికి ముడులు వేయలేకపోతున్నానంటే, డాక్టరుగారు ఆ రోజే మోతాదు తగ్గిస్తానన్నారు.

ఆ రోజు నేను తాడేపల్లిగూడెం నుంచి బస్సులో నిలబడి వచ్చాను. తల పగిలిపోతోంది. అందరూ కళ్లు మూసుకున్నారు. మీరాబీ ఏదో కూనిరాగం తీస్తోంది. నాకు తిక్కరేగింది. ఆమె వెనక్కి వెళ్లి, పళ్లబిగువున, ‘ఒసేయ్, నోర్ముయ్’ అన్నాను.

ఆమె తిరిగి చూసింది.

“ఇప్పుడు తిట్టింది మీరేనాండీ?”

డాక్టరుగారు తలెత్తారు. ఉద్యోగం పోతుందని భయమా? కాదు, పరువు. దయ నేర్పే నోటి నుంచి ఆ మాటా?

“నేనెందుకంటానండీ? అది మీ లోపలి గొంతు. ఊపిరి మీద ధ్యాస పెట్టండి.”

“అయితే ఇప్పుడు మీ గొంతుతో కూడా వస్తున్నాయన్నమాట,” అంది. నన్ను అనుమానించలేదు. తన చెవుల్నే అనుమానించింది. జబ్బు ముదిరిందని మోతాదు పెంచారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఎంత పాపిష్టిదాన్ని! కొన్నాళ్లకు ఆమె మగ్గం మానేసింది, మా దగ్గరికి రావడమూ మానేసింది.

చాలాకాలానికి బజార్లో చెల్లెలితో కనిపించింది. ఈసారైనా చెప్పేద్దామని వెనక నుంచి, “మీరాబీగారూ, బాగున్నారాండీ?” అన్నాను. ఆమె ఆగలేదు, తిరగలేదు.

“ఆవిడ గొంతు మళ్లీ వచ్చిందే. ఇప్పుడు అండీ కూడా అంటోంది,” అని చెల్లెలితో చెప్పి, మేం నేర్పినట్టే ఊపిరి నిదానంగా పీల్చి, జవాబివ్వకుండా నడిచి వెళ్లిపోయింది.

నేను వెంట పరుగెత్తలేదు. ఎందుకని? ఇప్పటికీ తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఆమె విన్నది నిజం. అన్నది నేను.