వానలో బస్సు తిరగని దారి

శాసనసభకు ఎన్నికై చాలా కాలమే అయినా ఆయన్ను పదవి పేరుతో ఎవరూ పిలవలేదు. అందరికీ ఆయన కండక్టరుగారే. సభలో మంత్రులూ అలాగే అన్నారు, వీధి చివర చెప్పులు కుట్టే మనిషీ అలాగే అన్నాడు. ఆ పిలుపును వదిలించుకోవడానికి ఆయన కూడా పెద్దగా పాటుపడినట్టు కనిపించదు. గదిలో అడుగు పెట్టగానే ఎందరున్నారో కళ్ళతోనే లెక్కపెట్టేవాడు. తలుపు దగ్గర నలుగురు గుమిగూడితే చాలు, చెయ్యి దానంతటదే లేచేది. "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అనేవాడు. కూర్చుని మాట్లాడమంటే మాట తడబడేది. లేచి నిలబడి ఏదో ఒక కుర్చీ వీపు పట్టుకుంటే ధారాళంగా వచ్చేది. సగం జీవితం కదిలే నేల మీద నిలబడిన మనిషికి కదలని నేల మీద నమ్మకం కుదరడం కష్టమే.

కమిటీలు పంచేటప్పుడు ఆయన రోడ్ల కమిటీ అడిగాడు. రోడ్ల కమిటీని అందరూ అడిగారు. ఆయనకు దక్కింది ప్రభుత్వ భూములు, ప్రకృతి పరిరక్షణ, వాతావరణ మార్పులను తట్టుకునే సన్నాహాల కమిటీ. ఆ పేరు తలుపు మీది పలకలో పట్టక, చివరి మాటలను కాగితం మీద రాసి పక్క గోడకు అంటించారు. గది మెట్ల కింద ఉంది. పైన ఎవరు మెట్లు దిగినా లోపల మాట్లాడుతున్నవారు ఆగవలసి వచ్చేది. ఆ కమిటీవాళ్ళు ఆచితూచి మాట్లాడతారన్న మంచి పేరు అలా వచ్చినదే.

అధ్యక్షురాలు పూర్వాశ్రమంలో వైద్యురాలు. చెరువు గట్టు తెగిందన్నా, అడవి అంచున కంచె విరిగిందన్నా, ఆవిడ మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్నాళ్ళనుంచి?" మరొక సభ్యుణ్ణి అందరూ సవరణగారు అనేవారు. ఏ తీర్మానానికైనా ఒక సవరణ చెప్పందే ఆ పెద్దాయన భోజనానికి లేచేవాడు కాడు.

కండక్టరుగారి ఊళ్ళో, బజారు వెనక, పల్లం అని పిలిచే విశాలమైన సర్కారు జాగా ఉంది. ఎండాకాలమంతా గడ్డి, పిల్లల ఆటలు. అక్కడ బస్టాండు కట్టిస్తానని ఆయన ఎన్నికల్లో మాటిచ్చాడు. పైకి అది ఊరికిచ్చిన మాట. నిజానికి అక్కకిచ్చిన మాట. తల్లి పోయాక ఆయన్ను పెంచింది ఆవిడే. పల్లం అంచున, బస్సులు ఆగే మలుపులో ఆవిడ టీ కొట్టు. కొట్టంటే ఒక బల్ల, ఒక స్టవ్వు, నాలుగు గుంజల మీద కట్టిన పట్టా. గాలివానకు పట్టా లేచిపోయినప్పుడల్లా వెతికి తెచ్చి, మళ్ళీ బిగించి కడుతూ, "మా తమ్ముడు బస్టాండు కట్టిస్తాడు, అందులో మొదటి కొట్టు నాది" అనేది. ఎన్నికల్లో ఆవిడ చేసిన ప్రచారమంతా ఆ ఒక్క వాక్యమే. అది వినకుండా టీ గ్లాసు కింద పెట్టినవాడు ఆ ఊళ్ళో లేడు.

సర్కారు జాగా చేతులు మారాలంటే కమిటీ ఒప్పుకోవాలి. పల్లం సంగతి విచారణకు వచ్చిన రోజున నీటిపారుదల శాఖ తరఫున ఒక యువ ఇంజనీరు వచ్చింది. గోడకు పటం తగిలించి, మెట్ల చప్పుడుకు సరిపోని గొంతుతో చెప్పుకొచ్చింది.

"వానలు మునుపటిలా లేవండి. నెలంతా పడాల్సింది ఒక్క పూటలో పడుతోంది. ఆ నీళ్ళన్నీ పల్లంలోకే చేరతాయి. దాన్ని పూడిస్తే బజారు మీద పడతాయి."

కండక్టరుగారు లేచి ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న సవరణగారు అలవాటుగా కాస్త ముందుకు జరిగాడు.

"మీ పటం తప్పని నేననను తల్లీ. కానీ పటం బస్సెక్కి తిరగలేదు గదా. నేను తిరిగాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే దారి. ఆ పల్లంలో మడమ మునిగేంత నీళ్ళు ఒక్కనాడూ చూడలేదు. కావాలంటే ఒట్టేసి చెప్తాను."

"'ఒట్టేసి' అని రాయొద్దండీ. 'దృఢంగా' అందాం," అన్నాడు సవరణగారు, మాటలు రాసుకుంటున్న గుమాస్తాతో.

ఇంజనీరు పటం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆ అమ్మాయి అడిగినదాంట్లో తెలివి చూపే ఉద్దేశం ఏమీ లేదు. తెలియక అడిగింది.

"వాన పడినప్పుడు కూడా బస్సు అటే వెళ్ళేదాండీ?"

"వానలో అటెందుకు వెళ్తుందమ్మా? గట్టి వాన పడితే మిల్లు మీదుగా చుట్టు తిప్పేవాళ్ళం. డ్రైవర్లందరికీ అలవాటే."

"ఎందుకు తిప్పేవారండీ?"

కండక్టరుగారు నోరు తెరిచాడు. అప్పుడే పైన ఎవరో మెట్లు దిగసాగారు. వాళ్ళు దిగడం పూర్తయింది. ఆయన నోరింకా తెరిచే ఉంది.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎన్నాళ్ళనుంచి తిప్పుతున్నారు?"

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచేనండి," అని ఆయన కుర్చీ వీపు వదిలేసి కూర్చున్నాడు. కమిటీలో ఆయన కూర్చుని పలికిన మొదటి పూర్తి వాక్యం బహుశా అదే.

ఉంటే కనబడి తీరవలసిన చోట కనబడని వస్తువు లేదనుకోవచ్చునని తర్కశాస్త్రం ఒప్పుకుంటుంది. చూసేవాడు ఆ సమయానికి అక్కడ ఉండాలి అన్న షరతును అది ఎలుగెత్తి చెప్పదు. చెప్పవలసి వస్తుందని శాస్త్రకారులు అనుకొని ఉండరు. కండక్టరుగారు అబద్ధమాడలేదు. నీరు వచ్చిన రోజుల్లో ఆయన లేడు, ఆయన ఉన్న రోజుల్లో నీరు లేదు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరినొకరు తప్పించుకు తిరిగారు. ఈ విషయంలో ఆయన్నొక్కణ్ణే అనడమూ న్యాయం కాదు. వానాకాలంలో సభ సమావేశాలు ఉంటాయి కనుక కమిటీలు ఎండల్లోనే పర్యటనకు బయలుదేరేవి. పల్లాన్ని చూసి వచ్చిన పాత కమిటీలన్నీ అది పొడినేల అనే రాశాయి, చెప్పుల దుమ్ము దులుపుకుంటూ.

"ఈసారి వానలో వెళ్దాం," అన్నది అధ్యక్షురాలు. "గొడుగులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి."

"'గొడుగులు లేదా రెయిన్‌కోట్లు' అంటే బాగుంటుందండీ," అన్నాడు సవరణగారు.

మొదటి పెద్ద వానకే బయలుదేరారు. మిల్లు మలుపు దగ్గర వ్యాను ఆగిపోయింది. "ఇక అటు పోదండీ," అన్నాడు డ్రైవరు, ఎవరూ అడగకుండానే. కండక్టరుగారు అందరికంటే ముందు దిగి, పంట్లాం మడుచుకుని, తల వంచుకుని నడిచాడు. దారి పొడుగునా ఆయన వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టలేదు.

పల్లం లేదు. నీళ్ళున్నాయి. బజారు కాలువలన్నీ దుముకుతూ వచ్చి అందులో పడి, అక్కడికి రాగానే చప్పుడు మాని నెమ్మదిస్తున్నాయి. పిల్లలు ఆటకు పాతుకున్న కర్రల కొసలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. వాటి మీద రెండు కొంగలు, స్థలం తమకు ఎప్పుడో మంజూరైనట్టు, నిలబడి ఉన్నాయి. గట్టు మీద పట్టా కింద, స్టూలు మీద కాళ్ళు పైకి ముడుచుకుని అక్క కూర్చుని ఉంది.

"ఏరా, బస్టాండుకు కొలతలు తీస్తున్నావా?"

"నీళ్ళొస్తాయని నీకు తెలుసా అక్కా?"

"తెలియకేం? ఏటా నా బల్ల కాళ్ళదాకా వచ్చి పలకరించి పోతాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా? మాటిచ్చేముందు ఎవరైనా అడుగుతారేమోనని నేనూ చూశా. మట్టి పోసి ఎత్తు చేస్తారులే అనుకున్నా. సర్కారుకు మట్టి కరువా?"

"మట్టి పోస్తే ఈ నీళ్ళెటు పోవాలి?"

"ఎటో అటు పోతాయి."

ఇంజనీరు గొడుగు కొసతో బజారు వెనక వీధిని చూపించింది. అక్క స్టూలు మీంచే మెడ చాచి అటు చూసింది.

"అటు మా వియ్యపురాలి ఇల్లుంది," అన్నది. "పోతే పోనీ అందామంటే నా కూతురు కూడా అందులోనే ఉంది."

అధ్యక్షురాలు గొడుగు ముడిచి పట్టా కిందికి వచ్చింది. చిల్లుల్లోంచి కారుతున్న చుక్కలను చూసి, "ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

"మా తమ్ముడు గెలవకముందు నుంచీ," అన్నది అక్క.

ఇక చెప్పక తప్పలేదు. కండక్టరుగారు పట్టుకోవడానికి కుర్చీ లేక గుంజ పట్టుకున్నాడు. "అక్కా, ఇక్కడ బస్టాండు రాదు. రానివ్వకూడదు."

అక్క టీ కాచింది. అందరికీ ఇచ్చింది. తమ్ముడికి చివరన ఇచ్చింది. "మాటిచ్చింది నువ్వు. ఊరంతా చాటింది నేను. రేపట్నుంచి ఏం చెప్పమంటావు?"

"నేనే చెప్తాలే."

"నువ్వు చెప్తే ఎవరు వింటార్రా? బస్సులో గొంతు చించుకున్నప్పుడే ఒక్కడూ విన్లేదు."

పల్లాన్ని నీటికే వదిలేయాలని కమిటీ నివేదిక రాసింది. కండక్టరుగారు సంతకం పెట్టాడు. ఇందులో ఆయన ఘనత ఏమంత లేదు. కళ్ళారా చూశాక పెట్టకపోతే తప్పయ్యేది, పెట్టడం మామూలు సంగతి. అయితే పెట్టే ముందు ఆయన తనంతట తాను ఒక పేరా చేర్చమన్నాడు: మిల్లు మలుపు ఎత్తు మీద పైకప్పు ఉన్న బస్సు ఆగే చోటు, పక్కన ఒక టీ కొట్టుకు జాగా. ఆ కొట్టు ఎవరిదో తెలిసినా గదిలో ఎవరూ అడగలేదు. సవరణగారు కూడా ఏ సవరణా చెప్పలేదు. బహుశా ఆకలి మీద ఉన్నాడేమో. ఆ పేరా రోడ్ల కమిటీకి వెళ్ళింది. అక్కడే ఉంది.

మాట తప్పిన సంగతిని ఊరికి ఆయన స్వయంగానే చెప్పాడు. సాయంత్రాలు బజారులో నిలబడి, ఎదురొచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి వివరించాడు. "ఏం కండక్టరుగారూ, మా స్టాపు దాటించేశారే," అన్నారు. అనవలసినదే అన్నారు. ఆయన తల ఊపి, ఆ తరువాతి మనిషికి మళ్ళీ మొదలుపెట్టాడు.

రోడ్ల కమిటీ కోసం అక్క ఎదురుచూడలేదు. తన బల్లను, స్టవ్వును, గుంజలను, ఆ పాత పట్టానే మిల్లు మలుపుకు చేర్చుకుంది. మరుసటి వానాకాలం చుట్టు తిరిగి వచ్చే బస్సు కోసం జనమంతా దాని కిందే ఒదిగారు. అందులో ఒకడికి నోరు ఊరుకోలేదు.

"మీ తమ్ముడు కట్టిస్తానన్న బస్టాండు ఏదమ్మా?"

అక్క గరిటెతో కిందికి, వానలో తెల్లగా పరుచుకున్న నీటివైపు చూపించింది. "అదిగో, అదే. ఈ ఏడు మీ వీధిలోకి నీళ్ళొచ్చాయా?"

"రాలేదు."

"మరింకేం? బాగానే నడుస్తున్నట్టు."

అప్పుడే వచ్చిన కండక్టరుగారు పట్టా అంచున, సగం తడుస్తూ ఆ మాట విన్నాడు. కళ్ళతో తలలు లెక్కపెట్టాడు. చెయ్యి దానంతటదే లేచింది. "కాస్త లోపలికి జరగండి, లోపల ఖాళీ..."

"లేదురా," అన్నది అక్క. "నువ్వక్కడే ఉండు." అని, ఈసారి అందరికంటే ముందు, టీ గ్లాసును పట్టా కింద నుంచి తమ్ముడి వైపు వానలోకి చాపింది.