శివకుమార్‌కు కనిపించిన అంకె

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవి మొదట్లో నన్ను నర్సాపూర్ నుంచి మెదక్ పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. నా హోదా ఆఫ్తాల్మిక్ ఆఫీసర్. పేరులో ఆఫీసర్ ఉన్నా నేను డాక్టర్‌ను కాను. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రోగి నా గదికి వస్తాడు. చూపు కొలవడం, అద్దాల నంబరు తేల్చడం, శుక్లాలున్నవాళ్లను ఆపరేషన్‌కు పంపడం, బడులకు వెళ్లి పిల్లల కళ్లు చూడడం నా పని. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం డాక్టర్‌ది. అందులో రాసే కొలతలు నావి.

ఎండాకాలం సెలవుల్లో ఆ గదికి కాలేజీ పిల్లలు ఎక్కువగా వచ్చేవారు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి, రెండో ఏడు మొదలయ్యేలోపు ఏ కోర్సులకు దరఖాస్తు పెట్టాలో తేల్చుకుంటున్నవాళ్లు. తలనొప్పికి అద్దాలు కావాలని కొందరు, పోలీసు ఉద్యోగానికి చూపు సరిపోతుందో లేదో తెలుసుకోవాలని కొందరు.

శివకుమార్ పాపన్నపేట నుంచి తండ్రితో వచ్చాడు. తండ్రి అంజయ్య మెదక్ రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. కుర్రవాడు ఓడ నడిపే ఉద్యోగానికి తీసుకెళ్లే డిగ్రీలో చేరాలనుకుంటున్నాడు. ఆ ఎంట్రెన్సు కోసం సెలవుల్లోనే చదవడం మొదలుపెట్టాడు. సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదట. మంజీరకు వరద వచ్చినప్పుడు చూసిన నీళ్లే అతనికి తెలిసిన పెద్ద నీళ్లు. దరఖాస్తు పెట్టకముందే ఒకసారి కళ్లు చూపించుకొమ్మని కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ చెప్పి పంపాడు. మంచి సలహా. చాలామంది ఆ పని అన్నీ అయ్యాక చివర్లో చేస్తారు.

చూపు రెండు కళ్లలోనూ నిండుగా ఉంది. చార్టులో అట్టడుగు వరుస తడుముకోకుండా చదివాడు. అంజయ్య కుర్చీలోంచి సగం లేచాడు, పని అయిపోయిందనుకుని. రంగుల పరీక్ష ఇంకా ఉందని చెప్పి కూర్చోబెట్టాను.

అది ఒక చిన్న పుస్తకం. ప్రతి పేజీలోనూ రకరకాల రంగుల చుక్కలు, ఆ చుక్కల మధ్య ఒక అంకె. కిటికీ దగ్గర పగటి వెలుతురులో, కాస్త దూరంగా పట్టుకుని చూపించాలి. ఆలోచించే వ్యవధి ఇవ్వకూడదు. మొదటి పేజీ అందరూ చదవగలరు, అతనూ చదివాడు. ఆ తర్వాత ఒక పేజీలో మామూలు కంటికి డెబ్బై నాలుగు కనిపిస్తుంది. శివకుమార్ ధీమాగా ఇరవై ఒకటి అన్నాడు. ఎరుపు, పచ్చ తేడా సరిగా తెలియని కన్ను అక్కడ ఇరవై ఒకటే చదువుతుంది. మిగతా పేజీల్లో కొన్నింటిలో అంకే లేదన్నాడు.

ఒక్క పరీక్షతో తేల్చకూడదన్నది నియమం. మర్నాడు మళ్లీ రమ్మన్నాను. ఫలితం మారలేదు. డాక్టర్ కూడా చూసి ఖాయం చేసి, చెప్పే పని నాకే వదిలారు. ఓడకు ఒక పక్క ఎర్రదీపం, మరో పక్క పచ్చదీపం ఉంటాయని, చీకట్లో ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగిందో ఆ రంగులను బట్టే తెలుస్తుందని, అందుకే ఈ కోర్సులో మినహాయింపు ఉండదని చెప్పాను.

అంజయ్య బతిమాలాడు.

"జర చూడుండ్రి మేడం. గా బుక్కు రెండు దినాలు ఇయ్యిండ్రి. పోరడు బట్టీ కొడ్తడు. మస్తు తెలివైనోడు."

చివరి వైద్య పరీక్షలో పేజీలు కలిపేసి చూపిస్తారని, దీపాలతో కూడా పరీక్షిస్తారని చెప్పబోయాను. అంతలో కొడుకే ఆపాడు. "వద్దు నాయినా. రేపు ఓడ మీద ఏం బట్టీ కొడ్త?"

తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "మేడం, మరి ఇన్ని దినాలు నేను పచ్చ అనుకుంట చూసింది ఏంది?"

అతనికి ఏం కనిపిస్తుందో నేను చూడలేనని ఉన్నమాట చెప్పాను.

రెండు రోజుల తర్వాత, ఓపీ అయిపోయాక అతని తల్లి సుగుణ ఒక్కతే వచ్చింది. నాట్లకు కూలికి వెళ్లే మనిషి. గుమ్మం దగ్గరే నిలబడి, ఇది ఎట్లా వస్తుందని అడిగింది. తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుందని, తల్లి చూపుకు సాధారణంగా ఏ లోపమూ తెలియదని, ఇందులో ఎవరి తప్పూ లేదని చెప్పాను.

"మా తమ్మునికి గూడ గిట్లనే ఉండె కావొచ్చు మేడం," అంది. "టమాటలు తెంపనీకె తోలితే పచ్చియి, పండినయి అన్నీ కలిపి తెస్తుండె. పని ఎగ్గొట్టనీకె యాక్టింగ్ చేస్తుండని మా నాయిన కట్టెతోని కొడ్తుండె. నేను గూడ కొట్టిన." వరండా వైపు ఒకసారి చూసి, "మా ఇంటాయనకు ఇది నా దిక్కు నుంచి వచ్చిందని చెప్పకుండ్రి" అంది.

చెప్పనన్నాను. ఒకరి గురించి తెలిసిన సంగతి ఇంకొకరికి చేరవేయడం మా వృత్తిలో లేదు.

తర్వాతి వారం ఆమె తమ్ముణ్ని తీసుకొచ్చింది. పేరు మల్లేశం. నలభై దాటిన మనిషి, అల్లాదుర్గ్ వైపు రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. బడి మధ్యలోనే మానేసి ఇల్లు విడిచాడట. అక్క పిలిస్తే తప్ప రాడు. పుస్తకం తెరిచాను. అదే పేజీ, అదే ఇరవై ఒకటి.

"విన్నవా తమ్మీ," అంది సుగుణ. "నువ్వు కావాలని చెయ్యలే. నీ కండ్లే గట్ల."

అతను తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. "ఇప్పుడు ఎరుకై ఏం జేద్దునే అక్కా," అన్నాడు. మిల్లులో లారీ వచ్చే టైమైందని లేచాడు. ఆమె అతని వెనకాలే మెట్లు దిగుతూ ఏదో చెబుతూనే ఉంది. అతను వెనక్కి చూడలేదు.

శివకుమార్ సంగతి ఆ ఫిజిక్స్ లెక్చరర్ ద్వారా తెలిసింది. ఆ వేసవంతా మళ్లీ పుస్తకం ముట్టలేదట. రైలు నడిపే ఉద్యోగం, విమానం అని ఒక్కొక్కటి ఆయన్ను అడిగాడట. అక్కడా ఇదే అడ్డం. రెండో ఏడు ఫిజిక్స్ తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాడు. తర్వాత పట్టణంలోనే బీకాంలో చేరాడు. ఇష్టపడి చేరాడని ఎవరూ అనలేదు. ఆసుపత్రి వైపు మాత్రం మళ్లీ రాలేదు.

బడుల్లో కంటి పరీక్షలకు వెళ్లేటప్పుడు ఆ రంగుల పుస్తకాన్ని కూడా చేర్చాలని పై అధికారులను అడిగాను. కార్యక్రమంలో చూపు కొలవడం వరకే ఉందన్నారు. అప్పటినుంచి పదవీ విరమణ దాకా దాన్ని నా సంచిలోనే తీసుకెళ్లి, ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించేదాన్ని. తేడా కనిపించిన చోట పిల్లవాడితోపాటు ఇంట్లోవాళ్లనూ పిలిపించి చెప్పేదాన్ని. నా తర్వాత వచ్చినవారు ఆ పని చేస్తున్నారో లేదో నాకు తెలియదు.

ఆ వేసవి నాకు నేర్పింది ఇది. ఈ తేడాకు మందు లేదు. ఉన్నదల్లా ముందుగా తెలుసుకోవడమే. పరీక్షను నియమం ప్రకారం తప్పులేకుండా చేయడం మా పనిలో సగం మాత్రమే. ఒక మనిషి ఒక దారి మీద ఆశ పెట్టుకున్నాక, లేదా మరో మనిషి దెబ్బలన్నీ తినేశాక చెప్పిన నిజం నిజమే అయినా, దానితో వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ.