బంద్ రోజున వచ్చిన పుస్తకాలు

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్త పుస్తకం వాసన తగలగానే యాదగిరి మామ గుర్తొచ్చాడు. మన్సూరాబాద్ ఫ్రెండ్స్, సైకిల్ మీద ఇంటింటికీ అద్దె పుస్తకాలు తెచ్చేవాడు, గుర్తున్నాడా?

తెలంగాణ ఉద్యమం రోజులు. ఆవేళ బంద్. మాది గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. గేటు చప్పుడుకే అమ్మ, మమ్మల్ని కొట్టడానికి ఎవరో వచ్చారని హడలిపోయి, "మేమేం చేశాం బాబూ, వెళ్లిపోండి!" అని తలుపు వెనక నుంచి అరిచింది.

"నేనమ్మా, యాదగిరిని. కొత్త పుస్తకాలొచ్చినయ్."

అమ్మ తలుపు తీసి, తల దించుకునే, "ఏది బాగుంటుందో మీరే చెప్పండి" అంది.

ఆయన డిటెక్టివ్ నవల, దయ్యాల కథలు పక్కన పెట్టాడు. "భయపెట్టేటియి ఇప్పుడొద్దమ్మా. గీ నవ్వుల పుస్తకం సదువుండ్రి, మస్తుగుంటది."

అమ్మా, నేనూ చదివాం. సిగ్గుతో ఒక్క పేజీకీ నవ్వు రాలేదు.